సుంకాల చట్టాలపై ఐదు ఆదివారాల తరగతి: ఒక క్లియరింగ్ ఉద్యోగి అభిప్రాయం

విశాఖపట్నం పోర్టు ఏరియాలో ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు కార్యాలయంలో నేను 19 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) వేయడం, షిప్పింగ్ బిల్లు (ఎగుమతి పత్రం) సరిచూడటం, బాండు (మాట తప్పితే డబ్బు కడతామన్న హామీ పత్రం) రాయించడం, డ్రాబ్యాక్ (కట్టిన సుంకంలో తిరిగి ఇచ్చేది) ఎప్పుడు జమ అవుతుందని ఎగుమతిదారు అడిగితే సమాధానం చెప్పడం నా రోజువారీ పని. ఇవన్నీ నోటికి అలవాటైన మాటలే తప్ప, అవి ఎక్కడ పుట్టాయో, ఎవరి మేలు కోరి పుట్టాయో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అందుకే పాత ఊళ్ళో, కురుపాం మార్కెట్టుకు కాస్త దూరంలో ఉన్న ఒక పాత మేడ పై అంతస్తులో, వలస రాజ్యాల వ్యాపారాన్నీ సుంకాలనూ అదుపు చేస్తూ బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టాల గురించి ఐదు ఆదివారాల పాటు తెలుగులో పాఠాలు చెబుతారని తెలియగానే పేరు ఇచ్చాను. ఆ తరగతి గత నెలలో ముగిసింది. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి ఉపయోగపడుతుందని, నచ్చినవీ నచ్చనివీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఐదు తరగతులకూ కలిపి 1,500 రూపాయలు తీసుకున్నారు. ఉదయం 10 నుంచి ఒంటి గంట దాకా పాఠం, మధ్యలో టీ. మేము 22 మందిమి ఉన్నాము. డిగ్రీ విద్యార్థులు, ఇద్దరు న్యాయవాదులు, పోర్టులో పనిచేసి విరమించినవారు, పొందూరు నుంచి ప్రతివారం బస్సులో వచ్చిన ఒక చేనేత పెద్దాయన అందులో ఉన్నారు. పాఠం చెప్పినది కస్టమ్స్ శాఖలో అప్రైజరుగా, అంటే సరుకు విలువ కట్టి సుంకం తేల్చే అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. అందరమూ ఆయనను మాస్టారు అనే పిలిచాము.

మాస్టారి పద్ధతే ఈ తరగతికి ప్రాణం. ఆయన రాజుల పేర్లతో, యుద్ధాలతో పాఠం మొదలుపెట్టరు. చట్టంలోని ఒక సెక్షనును ఇంగ్లీషులో చదివి, వాక్యం వాక్యంగా తెలుగులో విప్పి చెప్పి, ప్రతిసారీ నాలుగే ప్రశ్నలు వేస్తారు: సరుకు ఏది, ఓడ ఎవరిది, ఏ రేవు నుంచి ఏ రేవుకు, రేటు ఎంత. మొదట్లో ఇది చిన్నపిల్లల పాఠంలా అనిపించింది గాని, రెండో వారానికల్లా ఏ చట్టం ముందుపెట్టినా ఆ నాలుగు ప్రశ్నలే మా అంతట మేము వేసుకోవడం మొదలుపెట్టాము. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకుంటే ఏం లాభమని మనవాళ్ళు సామెత చెబుతారు. సుంకరి చేతిలో ఉన్న రేటు పట్టిక ఎక్కడ తయారైందో తెలుసుకోవాలన్న పట్టుదల ఈ తరగతి అంతటా కనిపించింది.

మొదటి ఆదివారం నౌకాయాన చట్టాల గురించి. 1651లో చేసిన శాసనం, 1660లో రెండో చార్లెస్ కాలంలో దాన్ని గట్టిపరిచిన చట్టం, ఈ రెండింటి గురీ ప్రధానంగా డచ్చివారి మీదే. మన పెద్దలు ఒలందావారు అని పిలిచినది వారినే. సరుకులు మోసే పనిలో అప్పుడు వారిని మించినవారు లేరు. మన భీమునిపట్నంలో వారి సమాధులు నేటికీ ఉన్నాయి కాబట్టి, ఎక్కడో లండనులో చేసిన చట్టం ఎవరిని ఉద్దేశించినదో మాకు వేరుగా ఊహించుకోవలసిన అవసరం రాలేదు. 1660 చట్టం ప్రకారం వలస రాజ్యాల సరుకును ఇంగ్లీషు ఓడల్లోనే మోయాలి, ఓడ నాయకుడూ నావికుల్లో నాలుగింట మూడు వంతులూ ఇంగ్లీషువారే కావాలి. ఈ లెక్కలో వలస రాజ్యాల్లో స్థిరపడిన ఇంగ్లీషువారు కూడా కలుస్తారు. చక్కెర, పొగాకు, పత్తి, నీలిమందు, అల్లం, రంగు కర్రలు వంటి కొన్ని సరుకులను పేరుపేరునా రాసి, అవి ఇంగ్లండుకో ఇంగ్లీషు వలసలకో తప్ప మరెక్కడికీ పోరాదన్నారు. 1663 చట్టం దీనికి రెండో వైపు తలుపు మూసింది. యూరపు నుంచి వలసలకు పోయే సరుకు, కొన్ని మినహాయింపులు తప్ప, ముందు ఇంగ్లండు రేవులో దిగి తిరిగి ఎక్కాలి.

ఇక్కడే నా వృత్తి నాకు కొత్తగా కనిపించింది. పేరు రాసిన ఆ సరుకులను ఎక్కించుకునే ఓడ, వాటిని చట్టం చెప్పిన రేవుకే చేరుస్తానని ముందుగా బాండు ఇవ్వాలి. వంద టన్నుల లోపు ఓడకు 1,000 పౌండ్లు, అంతకు మించితే 2,000 పౌండ్లు. సరుకు దిగినట్టు అక్కడి అధికారి నుంచి సర్టిఫికెట్టు తెస్తే బాండు రద్దవుతుంది. నేను వారానికి రెండు మూడుసార్లు చేయించే పని సారాంశం ఇదే. 350 ఏళ్ళ కిందటి ఆ సెక్షనును మాస్టారు చదువుతుంటే, మా ఆఫీసు బీరువాలో ఉన్న బాండు ఫైళ్ళు కళ్ళముందు కదిలాయి. ఒక వలస నుంచి మరో వలసకు పోయే సరుకు మీద సుంకం వేసిన 1673 చట్టాన్నీ, వలసల్లోని కస్టమ్స్ అధికారులకు ఇంగ్లండులోని అధికారులకు ఉన్నన్ని అధికారాలిచ్చిన 1696 చట్టాన్నీ ఆయన పావుగంటలో ముగించారు. అంతకు మించి అవసరం కూడా లేదు.

రెండో ఆదివారం పాఠం మొత్తం మీద మంచి పాఠం. మాస్టారు చక్కెర మిల్లు నుంచి తెచ్చిన చెరకు మడ్డిని ఒక గాజు సీసాలో పోసి బల్ల మీద పెట్టారు. పక్కనే అనకాపల్లి బెల్లం దిమ్మ ఒకటి. బెల్లంలో మడ్డి కలిసే ఉంటుందనీ, చక్కెర గింజ కట్టాక విడిపోయి మిగిలే నల్లటి చిక్కటి ద్రవమే మడ్డి అనీ చెప్పి, దాన్ని పులియబెట్టి బట్టీ పడితే రమ్ము వస్తుందనీ, ఉత్తర అమెరికాలోని న్యూ ఇంగ్లండు రేవుల బట్టీలన్నీ దాని మీదే నడిచేవనీ వివరించారు. సీసాను ఒకరి చేతి నుంచి ఒకరికి అందించారు. ఆ జిగురూ, ఆ పులిసిన తీపి వాసనా నాకు ఇంకా గుర్తున్నాయి.

వెస్టిండీసులో ఫ్రెంచి దీవుల మడ్డి చవక. అక్కడి బ్రిటిష్ దీవుల చెరకు తోటల యజమానులకు పార్లమెంటులో పలుకుబడి ఎక్కువ. అందుకని 1733లో విదేశీ మడ్డి మీద గ్యాలనుకు ఆరు పెన్నీల సుంకం వేశారు. అది ఆదాయం కోసం వేసిన రేటు కాదు, సరుకును రానివ్వకుండా ఆపడానికి వేసిన రేటు. ఫలితంగా సరుకూ ఆగలేదు, ఆదాయమూ రాలేదు. సుంకం కన్నా లంచం చవక కావడంతో దొంగ రవాణా ఒక మామూలు వ్యాపారంగా స్థిరపడింది. 1764లో రేటును మూడు పెన్నీలకు తగ్గించారు గాని, ఈసారి నిజంగానే వసూలు చేయాలని పూనుకున్నారు. కాగితాలు పెంచారు, నౌకాదళాన్ని కాపలా పెట్టారు, కేసులను జ్యూరీ లేని కోర్టులకు పంపారు. రేటు తగ్గినా కోపం పెరిగింది. 1766లో స్వదేశీ విదేశీ తేడా లేకుండా ఒక్క పెన్నీ చేస్తే, అప్పుడు డబ్బు వచ్చింది. ఆరు, మూడు, ఒకటి అని మాస్టారు బోర్డు మీద రాసి, ఈ మూడింటిలో ఏది వ్యాపారాన్ని అదుపు చేసే సుంకం, ఏది ఖజానా నింపే సుంకం అని అడిగారు. ఆ తేడాను ఇంత స్పష్టంగా పట్టించిన పాఠాన్ని నేను ఎక్కడా వినలేదు. అమెరికా వలసలతో వచ్చిన వివాదమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. వ్యాపారాన్ని అదుపు చేయడానికి పార్లమెంటు సుంకం వేయవచ్చునని చాలాకాలం ఒప్పుకున్నవారే, ఆదాయం కోసం వేస్తే మాత్రం మా ప్రతినిధులు లేని సభకు ఆ హక్కు లేదన్నారు.

మూడో ఆదివారం తేయాకు. అందరికీ కొంత తెలిసిన కథ కాబట్టి త్వరగానే సాగింది. 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద వేసిన సుంకాలూ, 1770లో తేయాకు మీద పౌనుకు మూడు పెన్నీలు ఉంచి మిగిలినవి ఎత్తివేయడమూ చెప్పాక, 1773 చట్టం తేయాకు ధరను పెంచలేదనీ, తగ్గించిందనీ మాస్టారు లెక్క వేసి చూపించారు. ఈస్టిండియా కంపెనీ బ్రిటనులో కట్టిన సుంకాన్ని తిరిగి ఇచ్చేసి, మధ్య దళారులు లేకుండా నేరుగా అమెరికాకు పంపుకొమ్మన్నారు. ఆ తిరిగి ఇచ్చేదాని పేరే డ్రాబ్యాక్. చవకగా వచ్చినా ఆ మూడు పెన్నీలు ఒప్పుకుంటే హక్కు ఒప్పుకున్నట్టేనని భావించి, 1773 డిసెంబరు 16న బోస్టనులో 342 పెట్టెలు నీళ్ళలో పారేశారు. అది మన అస్సాం తేయాకు కాదనీ, చైనా తేయాకనీ తెలిసి తరగతిలో చాలామంది ఆశ్చర్యపోయారు. మరుసటి ఏడాది పార్లమెంటు బోస్టను రేవునే మూయించింది. రేవు మూయడమంటే ఏమిటో పోర్టు మీద బతికే కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ మాట దగ్గర కాసేపు గదిలో ఎవరూ మాట్లాడలేదు.

1778లో, అమెరికా వలసలు తిరగబడి చేయి దాటిపోయాక, ఉత్తర అమెరికా వలసల మీదా వెస్టిండీసు మీదా ఆదాయం కోసం పన్ను వేయమనీ, వ్యాపార నియంత్రణకు వేసిన సుంకాల రాబడిని ఆ వలసకే ఖర్చు పెడతామనీ పార్లమెంటు చట్టం చేసింది. ఆ హామీలో మన పేరు లేదు. నా దృష్టిలో ఈ ఐదు వారాల పాఠానికి అసలు మలుపు ఇదే. మాస్టారు దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగడం నాకు వెలితిగా తోచింది.

నాలుగో ఆదివారం గుడ్డ పాఠం. ఉదయం గంటసేపు కోట వీధి వైపు నడిపించి, కంపెనీ వారి పాత స్థావరం ఉండిన ప్రాంతాన్ని చూపించారు. 1933లో లోపలి రేవు తెరిచేదాకా పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకునేవనీ, మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో గుడ్డ మూటలు అలలు దాటి ఓడ చేరేవనీ చెప్పారు. తిరిగి వచ్చాక బల్ల మీద మూడు నాలుగు రకాల చేనేత గుడ్డలూ, దారాలు లెక్కపెట్టే చిన్న భూతద్దమూ పెట్టారు.

ఇంగ్లండులో 1700లో చేసిన చట్టం తూర్పు దేశాల అద్దకపు నూలు గుడ్డలనూ పట్టు గుడ్డలనూ అక్కడ వాడకుండా నిషేధించింది. 1701 సెప్టెంబరు 29 నుంచి అది అమలైంది. అలాంటి సరుకు వచ్చినా గోదాములో పెట్టి మళ్ళీ బయటి దేశాలకు పంపేయాలి. తెల్ల గుడ్డకు మాత్రం దారి మిగిలింది. దాని ఫలితం ఏమిటంటే, తెల్ల గుడ్డ ఇక్కడి నుంచి పోయింది, అద్దకం పని లండనులో పెరిగింది. మచిలీపట్నం అద్దకానికి మూసిన తలుపు మన ఉత్తర సర్కారుల తీరపు తెల్ల గుడ్డకు కొంతకాలం తెరిచే ఉందన్నమాట. 1719లో లండను స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు వీధుల్లో పడి, అద్దకపు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళ ఒంటి మీది బట్టలు చించారు. 1721లో మరో చట్టం వచ్చింది. 1722 డిసెంబరు 25 నుంచి అద్దకపు నూలు గుడ్డ కట్టుకుంటే 5 పౌండ్లు, అమ్మితే 20 పౌండ్లు జరిమానా. మస్లిన్లకూ (పలుచని నూలు గుడ్డలకూ), అంతా ఒకే నీలంలో ముంచిన గుడ్డకూ మినహాయింపు.

ఇక్కడ మాస్టారితో నాకు భేదాభిప్రాయం ఉంది. ఈ చట్టాలను కంపెనీ మన నేతగాళ్ళను దెబ్బతీయడానికి తెచ్చిందన్నట్టు ఆయన మాట్లాడారు. నిజానికి ఆ గుడ్డ అమ్మి లాభపడేది కంపెనీయే కాబట్టి అది ఈ నిషేధాన్ని ఎదిరించింది. పట్టుబట్టి చట్టం తెప్పించినది ఇంగ్లండులోని ఉన్ని, పట్టు పరిశ్రమలవారు. టీ విరామంలో నేను ఈ మాట అంటే ఆయన కాదనలేదు గాని, తరగతిలో సవరించి చెప్పలేదు. ఎవరి ఒత్తిడి మీద ఏ రేటు పుట్టిందో చెప్పడానికే పెట్టిన తరగతిలో ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

ఆ రోజు అందరికన్నా విలువైన మాట చెప్పినది పొందూరు పెద్దాయన. రేటు పట్టికలోని గుడ్డల పేర్లు మాస్టారు చదువుతుంటే, భూతద్దాన్ని గుడ్డ మీద ఆనించి దారాలు చూస్తూ, "పుంజాలెన్నో సెప్పకుండా ఉట్టి పేరు సెబితే గుడ్డకి రేటెలా కడతారు బాబూ?" అని అడిగారు. పుంజమంటే పడుగు దారాలను లెక్కపెట్టే కట్ట. పడుగులో పుంజాలు ఎన్ని ఎక్కువైతే గుడ్డ అంత మేలు రకం. ఒకప్పుడు విశాఖ జిల్లా గుడ్డను కంపెనీవారు కూడా పుంజాల లెక్కనే కొనేవారు. నేడు మా పనిలో నూలు గుడ్డ చదరపు మీటరుకు 200 గ్రాములు దాటిందా లేదా అన్నదాన్ని బట్టి టారిఫ్ హెడ్డింగు, అంటే సుంకాల పట్టికలో అది చేరే వరుస మారుతుంది. గుడ్డకు ఏ పేరు పెడతామన్న దాని మీదే సుంకం నిలుస్తుందన్న సంగతి ఆయనకు మగ్గం మీద, నాకు ఆఫీసు బల్ల మీద తెలిసింది.

ఐదో ఆదివారం గురించి నాకు నిజంగా బాధ ఉంది. 1813లో భారతదేశపు వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యం తీసేసిన చట్టం నుంచి 1926 దాకా చెప్పవలసిన కథను గంటన్నరలో కుదించారు. మొదటి గంట గత వారం ప్రశ్నలకే పోయింది. 1824లో బ్రిటనులో మన మస్లిను మీద నూటికి 37.5, కాలికో (మామూలు నూలు గుడ్డ) మీద 67.5 సుంకం. ఒకే నూలు, పేరు మారితే నూటికి 30 తేడా. పొందూరు పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది, కాని అక్కడ ఆగి చూపే సమయం లేకపోయింది. అదే కాలంలో బెంగాలులో పత్తికీ, నూలుకూ, గుడ్డకూ, అద్దకానికీ విడివిడిగా లోపలి సుంకాలు కట్టించుకుంటే మొత్తం 17.5 అయ్యేదనీ, బ్రిటిష్ గుడ్డ 2.5 కట్టి లోపలికి వచ్చేదనీ చెప్పారు. ఇవి వినగానే గదిలో అందరూ నోటు పుస్తకాలు తీశారు. మన మద్రాసు రాష్ట్రంలో ఈ లోపలి సుంకాలు 1844లో ఆరో చట్టంతో పోయాయన్న సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. సర్కారు జిల్లాల నేతగాడి చేతికి తగిలిన చట్టం అదే కదా.

మరో సంగతి కూడా విడమరిచి చెప్పవలసింది. 1844 చట్టం గాని, 1878 సముద్ర కస్టమ్స్ చట్టం గాని బ్రిటిష్ పార్లమెంటు చేసినవి కావు. 1833లో పార్లమెంటు ఇచ్చిన అధికారం నుంచి మొదలై గవర్నర్ జనరల్ శాసన మండలి ఇక్కడ చేసినవి. కాని మండలి చేతిని లండను ఎలా నడిపించిందో 1882లో గుడ్డ మీద దిగుమతి సుంకం ఎత్తేయడంలో తెలుస్తుంది. 1894లో ఖజానా ఇబ్బంది వల్ల మళ్ళీ సుంకం వేయవలసి వచ్చినప్పుడు, ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు పోటీ లేకుండా మన మిల్లుల మీద సరిసమానంగా ఎక్సైజు, అంటే ఇక్కడ తయారైన సరుకు మీద పన్ను వేశారు. 1896లో దిగుమతి గుడ్డకు నూటికి 3.5, మన మిల్లు గుడ్డకు 3.5 అయింది. చేనేతను ఆ ఎక్సైజు తాకలేదు. 1925 చివర దాన్ని నిలిపివేసి, 1926లో రద్దు చేశారు. ఆరు పెన్నీల మడ్డికి ఇచ్చినంత సమయం ఈ మూడున్నరకు ఇచ్చి ఉంటే తరగతి ఎంతో నిండుగా ఉండేది.

ఏర్పాట్ల విషయంలో కొన్ని మాటలు. ఇచ్చిన జిరాక్సు ప్రతుల్లో మూడింట ఒక వంతు చదవడానికి వీలులేకుండా మసకగా ఉన్నాయి. రేట్ల పట్టికల్లో అంకె కనబడకపోతే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. మెట్లు బాగా నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి తాడు తప్ప కమ్మీ లేదు. పెద్ద వయసువారు చేరే తరగతికి ఇది తగదు. రెండు వారాలు పాఠం అరగంట ఆలస్యంగా మొదలైంది. ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటల పట్టిక ఒకటి ఇస్తామని మొదటి రోజు చెప్పి చివరిదాకా ఇవ్వలేదు. టీ బాగుంది, ప్రశ్నలకు మాస్టారు ఎప్పుడూ విసుక్కోలేదు, ఒక వారం రాలేకపోయినవారికి మరుసటి వారం ముందుగా పిలిచి సారాంశం చెప్పారు.

పోర్టు, కస్టమ్స్, షిప్పింగ్ పనుల్లో ఉన్న యువకులు ఇందులో తప్పక చేరాలని నేను కోరుతున్నాను. పోటీ పరీక్షలకు చదివేవారికి తేదీలు దొరుకుతాయి గాని, వారు ఆశించే నోట్సు దొరకదు. మన తీరపు చరిత్ర కోసం మాత్రమే వచ్చేవారు మొదటి మూడు వారాలు ఓపిక పట్టవలసి ఉంటుంది.

ముగింపు రోజున నేనూ ఒక న్యాయవాదీ కలిసి, ఐదో పాఠాన్ని రెండు ఆదివారాలుగా విడదీయమని రాసి ఇచ్చాము. సంక్రాంతి తర్వాత మొదలయ్యే విడతలో ఆరో ఆదివారం కలుపుతామనీ, అది 1844 మద్రాసు చట్టం చదవడంతో మొదలవుతుందనీ మాస్టారు చెప్పారు. పొందూరు పెద్దాయన ఆ రోజుకు పుంజాలవారీగా గుడ్డ ముక్కలు తెస్తానని ఒప్పుకున్నారు. పాతవారికి ఆ ఒక్క రోజుకు 300 రూపాయలు. నేను పేరు ఇచ్చి వచ్చాను.